అంతయ్యకు చెప్పని దుప్పి

ఎల్బీనగర్ అవతల జింకల పార్కు పక్కన బీడుపడ్డ పొలాల్లో పాండురంగం నడుము ఓ పక్కకు ఒరగేసి గడ్డి కోసే మిషన్ తిప్పుతాడు. తోటి కూలి అంతయ్యకు రోజూ కుందేలో నెమలో కనబడుతుంది. మొన్న దుప్పి కూడా కనబడింది. పాండురంగానికి మాత్రం ఎప్పుడైనా ఓ పాము తప్ప ఏదీ కనబడదు. ఒకరి మేడ చూసి ఏడ్చేవాళ్లను ఎన్నో ఊళ్లలో చూశాను గానీ, ఒకరికి దుప్పి కనబడిందని కుళ్లుకునేవాణ్ని ఇక్కడే చూశాను. “కండ్లు ఇంట్ల పెట్టొస్తున్నవా బావా?” అని అంతయ్య అంటే పాండురంగం మొహం మాడిపోయేది.

నిన్న మిషన్ ముందే, గడ్డిలో చుక్కల దుప్పిపిల్ల ముడుచుకుని పడుకుంది. మిషన్ ఆపి, అంతయ్యను పిలవబోయి నోరు మూసుకున్నాడు. వస్తే అతనూ చూస్తాడు. దాని చుట్టూ మంచమంత గడ్డి వదిలేసి పక్కకు జరిగాడు.

“గాడ కొయ్యలేదేంది? ఏమన్న కనబడ్డదా?”

“నాగుబాము. ఇటు రాకు.”

“నీకు గవే కనబడ్తయ్ తియ్!” అని అంతయ్య పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకు పాండురంగం మొదటిసారి కోపం తెచ్చుకోలేదు.