మావయ్య కళ్ళంలో మా పిచ్

మొన్న కోడూరు రోడ్డు మీద తడిసిన ధాన్యం ఆరబోస్తుంటే, ఆ ముక్కిన వాసనకి నా బండి దానంతటదే ఆగిపోయింది. సరే, నేనే ఆపాను.

చిన్నప్పుడు మా క్రికెట్టంతా పక్కింటి వీర్రాజు మావయ్య కళ్ళంలోనే. ధాన్యం నూర్చడానికి పేడతో అలికి గట్టిపరిచిన నేల కదా, బంతి చక్కగా లేచేది. అక్కణ్ణుంచి నేను కొట్టిన సిక్సర్లు కాలవ దాటి పడేవి. అబద్ధమెందుకు, పశువులపాక దాటితే గొప్ప.

ఆ ఏడు కోతలయ్యాక మావయ్య సరిగ్గా మా పిచ్ మీదే వరికుప్ప వేశాడు.

"ఎప్పుడు తీస్తావు మావయ్యా?"

"నూర్పిడి కానియ్యరా. అప్పుడు నేనూ వస్తా ఆటకి. నీ వికెట్ నాదే."

నేను ఆగలేకపోయాను. కుప్ప ఎలాగైనా పోవాలని ఆ సాయంత్రం దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. మర్నాడే తుఫాను పట్టుకుంది. వాన వెలిసేసరికి కుప్పకి అడుగునుంచి నీరెక్కి, కంకుల్లోనే మొలకలొచ్చేశాయి. మావయ్య ఆ పనలన్నీ గేదెలకి వేసేసి, కళ్ళం ఊడ్చి మమ్మల్ని పిలిచాడు.

"రండ్రా, ఆడుకోండి. ఈ ఏడు నాకిక దీంతో పనిలేదు."

నా దణ్ణం వల్లే తుఫాను వచ్చిందని నా నమ్మకం. ఎవరికీ చెప్పలేను. మావయ్య బంతి తీసుకుని మెల్లగా వేశాడు. వికెట్లు పడిపోయాయి.

"ఏరా అల్లుడూ, అంత తేలిక బంతి వదిలేశావేం?"

ఆయన్ని సంతోషపెట్టడానికి కావాలనే అవుటయ్యానని ఇన్నేళ్ళూ అందరికీ చెబుతూ వచ్చాను. అదేం కాదండీ. కళ్ళనిండా నీళ్ళు. బంతి కనబడలేదు.