తులసి మేరువు

1957. నంద్యాల బజారులో నాది జపమాలలు గుచ్చే దుకాణం. రుద్రాక్షలు, తులసి పూసలు రెండూ గుచ్చేవాణ్ణి. పూసకూ పూసకూ మధ్య ముడి వేసేటప్పుడు దేవుడి పేరు తలవనిదే నా చెయ్యి ఆడదు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే చిరాకు పడతాను.

ఒక పొద్దున ఆళ్లగడ్డ నుంచి ఓబుల్‌రెడ్డి అనే రైతు వచ్చి తువ్వాలు మూట విప్పాడు. లోపల తెగిన రుద్రాక్షమాల.

“ఇవి మా ఇంటామె మాలవప్పా. కూటికి పిలిస్తే జపం చేస్తాండా అనింది. కోపమొచ్చి గుంజితి, తెగిపాయ. ఆమె ఈడికే, నంద్యాలలో వాళ్లన్న ఇంటికి వచ్చేసింది. నెల దాటె. బేగా కట్టియ్యి. ఇది చూసన్నా వస్తాదేమో.”

“జపం చేసే చేతిలోది గుంజుతారా ఎవరైనా?” అని తిట్టాను. తలొంచుకున్నాడు. ఆ మనిషి మీద కోపం నిలవలేదు.

పూసలు సరిచూస్తే మేరువు లేదు. మేరువంటే మాల రెండు కొసలూ కలిసేచోట ఉండే పెద్ద పూస. జపం అక్కడిదాకా వచ్చాక దాన్ని దాటకూడదు, మాల తిప్పి వెనక్కి మళ్లాలి. నా దగ్గరున్న మంచి రుద్రాక్ష ఒకటి ఇవ్వబోతే వద్దన్నాడు.

“తెంచింది నేను. నాదే ఇయ్యాల.” మెడలోని తులసిమాల తీసి, దాని మేరువు కోసి నా చేతిలో పెట్టాడు.

“రుద్రాక్షల్లో తులసా? యాడన్నా ఉందా అన్నా?”

“ఆమె శివుడూ నా నరసింహసామీ ఒగే ఇంట్లో ఉండ్లేదా ఇన్నేండ్లు? కట్టప్పా.”

నవ్వొచ్చింది. ముడులన్నీ శివనామంతో వేసి, చివరి ముడికి నరసింహుణ్ణి తలుచుకున్నాను.

తీరా ఇవ్వడానికి ఆయనకు కాళ్లు రాలేదు. ఆమె అన్న ఇల్లున్న వీధి మొగలో నిలబడి నన్ను పంపాడు. ఆయన భార్య ఈశ్వరమ్మ మాల అందుకుని, పూసలు ఒక్కొక్కటే జరుపుకుంటూ మేరువు దగ్గర ఆగింది.

“ఏందీ, తులసా?”

“ఓబుల్‌రెడ్డన్న మెడలోదమ్మా. తనే కోసిచ్చినాడు.”

కాసేపు దాన్నే తడిమింది. “అట్లయితే ఆయన మాలకు మేరువు లేదా ఇప్పుడు?”

“లేదమ్మా.”

“పిచ్చి మనిషి. మేరువు లేకుంటే యాడ మళ్లుకోవల్లో ఎట్ల తెలుస్తాది? తిరుగుతానే ఉంటాడు. యాడుండాడు?”

వీధి మొగలో ఉన్నాడని చెప్పాను. లోపలికి పోయి చీరలు మూటగట్టుకుని వచ్చింది. ఇద్దరూ ఆళ్లగడ్డ బస్సెక్కాక నేను దుకాణానికి మళ్లాను.

మాలల సంగతి నాకంతా తెలుసనుకునేవాణ్ణి. ఆ తరువాత ఎవరైనా మాలకు పొసగని పూస తెస్తే శాస్త్రం ఎత్తలేదు. అది ఎవరిదని మాత్రం అడిగి, కట్టి ఇచ్చేవాణ్ణి.