ఒకే సైజు బస్తాలు

ఉదయం పదింబావుకు క్యారియర్ పట్టుకుని ఫిలింనగర్‌లో షూటింగ్ దగ్గరికి వెళ్లాను. అప్పటికి మాకు పెళ్లయి ఏడాది. ఫైటర్ అయిన మా ఆయన హీరోకి బదులు దూకడానికి బండ మీద నిలబడ్డారు. కింద రంపపు పొట్టు బస్తాలు పరిచారు. క్యారియర్ పెట్టబోతూ ఒకదాన్ని అదిమాను. దిగలేదు. లైట్ల స్టాండ్లకు ఆనించే ఇసుక బస్తా అది, అదే సైజు.

"ఏమండీ, దూకకండి!" అని అరిచాను.

"ఏందమ్మా, షాట్ ఖరాబ్ చేసినవ్!" అన్నాడు మేనేజర్.

ఆయన దిగి అన్నీ ఎత్తి చూశారు. పొట్టు బస్తాలు ఒంటిచేత్తో లేచాయి. సరిగ్గా ఆయన పడే చోట ఉన్న ఆ బస్తా మాత్రం రెండు చేతులతో ఎత్తినా లేవలేదు.

"నువ్వు అరవకపోతే ఇవాళ నా అన్నం వీళ్లు తినేవాళ్లే" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ తర్వాత ఆయన షూటింగ్‌కి వెళ్లిన ప్రతిసారీ నాకు ఇంట్లో కాలు నిలిచేది కాదు.

ఇంటికొచ్చిన బియ్యం బస్తాను కూడా ఎత్తి చూసేవారు. నిరుడు జబ్బుచేసి పోయారు. ఇప్పుడు మా ఇంట్లో బస్తాలు ఎవరూ ఎత్తి చూడరు.