అయిదు సిమ్ముల హవల్దారు

2023 వేసవి. కోరుట్ల బస్టాండు ఎదురు సందులో నాది ఆన్‌లైన్ సెంటర్. పాస్‌పోర్టు ఫారాలు, పింఛను దరఖాస్తులు, రెజ్యూమేలు, అంటే ఉద్యోగానికి పంపుకునే మన వివరాల కాగితాలు, ఇవే పద్దెనిమిదేళ్లుగా నా పని. గల్ఫ్‌కు పోయేవాళ్ల రెజ్యూమే కళ్లు మూసుకుని టైపు చేస్తాను. పటాలం నుంచి వచ్చేవాళ్లదంటేనే నాకు తలనొప్పి. ఇరవై ఏళ్లు ఏం చేశావయ్యా అంటే డ్యూటీ చేసిన అంటారు. ఆ పైన ఒక్క ముక్క రాలదు.

గంగాధర్ అలాంటి వాళ్లందరికీ పెద్దన్న. మల్లాపూర్ దగ్గరి ఊరు. హవల్దారు, మిలిటరీ బండ్లు, జనరేటర్లు బాగుచేసే మెకానిక్. ఇంకో మూడు నెలల్లో రిటైర్మెంటు. సెలవు మీద వచ్చి, భార్య లావణ్యను వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. సిరిసిల్లలో బట్టలు కుట్టే ఒక కంపెనీ వాళ్లు మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ పనికి పిలిచి మాట్లాడారు, మనిషి నచ్చాడు. మిగిలింది ఒక్కటే, రెండు రెఫరెన్సులు. అంటే అతని పని దగ్గరుండి చూసిన ఇద్దరు పైవాళ్ల పేర్లు, నంబర్లు. కంపెనీ వాళ్లు ఫోన్ చేసి కనుక్కుంటారు. శుక్రవారం లోపల ఇవ్వాలి. ఆ రోజు గురువారం.

ఇవ్వకపోతే ఏమిటన్నది కూడా తయారుగానే ఉంది. జగిత్యాలలో ఒక ఏజెంటు దుబాయ్‌లో సెక్యూరిటీ గార్డు వీసా చూపించాడు. మెడికల్ అయిపోయింది. శనివారం పాస్‌పోర్టు చేతిలో పెట్టి రావడమే తరువాయి.

రెండు పేర్లు చెప్పు తమ్మీ, అన్నాను.

"ఎవ్వలు లేరు మేడం."

ఇరవై ఏళ్లు, ఆరు చోట్ల పనిచేసి, ఎవరూ లేరట. ఇప్పటి పైఅధికారి ఉన్నాడు కదా అంటే, ఆయన వచ్చి నెల కూడా కాలేదన్నాడు. అతని ఫోన్ తీసుకుని చూశాను. ఊరివాళ్లు, బామ్మర్దులు, ట్రాక్టర్ డ్రైవరు. పటాలం తరఫున ఇద్దరే, ఒక వంటవాడు, ఒక మంగలి. వాట్సాప్ గ్రూపుల సంగతి అడిగితే, బదిలీ అయిన రోజే గ్రూపులోంచి బయటికి వచ్చేస్తాడట. "పోస్టింగ్ అయినంక గా గ్రూపుల మనకేం పని మేడం" అన్నాడు, అదేదో క్రమశిక్షణ అన్నట్టు. నేను నెత్తి కొట్టుకున్నాను.

మరి పాత నంబర్లేవంటే, సిమ్ముల్లో ఉన్నాయన్నాడు. జమ్మూలో బయటి ప్రీపెయిడ్ సిమ్ము పనిచేయదు, అక్కడ కొత్తది తీసుకోవాలి. ఆ అలవాటు ఇతనికి ఎంత ముదిరిందంటే, ఏ ఊరు పోతే ఆ ఊర్లో కొత్త సిమ్ము. నంబర్లు ఫోన్లో కాదు, సిమ్ములోనే దాచుకోవడం. బదిలీ కాగానే దాన్ని తీసి పక్కన పెట్టడం. పర్సులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. అయిదు చచ్చిన సిమ్ములు.

సిమ్ము చచ్చినా దానిలో రాసుకున్న పేర్లు చావవు. పెద్ద సిమ్ములు కొత్త ఫోన్లో పట్టవు కాబట్టి నా పాత బటన్ల ఫోన్ వెతికి తీశాను. ఒక్కొక్కటీ ఎక్కించి చూస్తే పేర్లు వచ్చాయి. ఏం పేర్లు! సాబ్ కొత్త. సాబ్ పాత. వర్క్‌షాప్ సాబ్. స్టోర్ సాబ్. ఈ కొత్త సాబ్ ఎవరయ్యా అంటే, "అప్పుడు కొత్తగ అచ్చిండు మేడం" అన్నాడు. తల ప్రాణం తోకకొచ్చింది.

అయినా పదిహేను నంబర్లు కాగితం మీద రాసి ముందు పెట్టాను. చెయ్యి ఫోన్ అన్నాను. చెయ్యడు. పైవాళ్లతో మాట్లాడాలంటే ఒక వరుస ఉంటుందట, నేరుగా ఫోన్ చేయకూడదట. వాళ్లలో సగం మంది ఈపాటికి రిటైరై ఇంట్లో పేపరు చదువుకుంటుంటారు, ఇంకా వరుసేమిటి అని అరిచాను.

"సిఫార్సు జేపిచ్చుకునుడు నాకు అలవాటు లేదు మేడం. ఒక్క పోస్టింగ్ గూడ అడగలె నేను."

మెచ్చుకోవాలో తిట్టాలో తెలియలేదు. తిట్టాను. చేతగాని పని చేతనవునని చెప్పిస్తే సిఫార్సు తమ్మీ, చేసిన పని చేసినవని చెప్పుమంటే సిఫార్సు ఎట్లయితది, అడగంది అమ్మయినా పెట్టది అన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. దుబాయ్ వీసా ఉంది కదా మేడం, అంటూ లేవబోయాడు.

లావణ్య పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది. అప్పుడు నావైపు చూసి అంది:

"ఇరవై ఏండ్ల సంది ఎవ్వల్నేం అడగలేదక్కా. నన్ను గూడ అడగలె, దుబాయ్ పోవాల్నా వద్దా అని."

గంగాధర్ మళ్లీ కూర్చున్నాడు. కాగితం తన ముందుకు లాక్కున్నాడు.

మొదటి నాలుగు నంబర్లు పనిచేయలేదు. అయిదోది ఎవరో ఆడమనిషికి పోయింది, ఆవిడ హిందీలో కడిగి పెట్టింది. ఆరోది వర్క్‌షాప్ సాబ్. అటువైపు హలో అనగానే మావాడు లేచి నిటారుగా నిలబడి నంబరు, ర్యాంకు, పేరు అప్పజెప్పడం మొదలుపెట్టాడు. స్పీకర్లో నాకూ వినబడుతోంది. ఆయన రిటైరై పుణేలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడట. పేరు పూర్తిగా చెప్పకముందే గుర్తుపట్టాడు. నా పేరు రాసుకో, ఇంకో ఆఫీసర్ నంబరు కూడా ఇస్తాను, ఆయనకు నేను చెబుతాను అన్నాడు. ఆ తర్వాతే తిట్లు మొదలయ్యాయి. రెండేళ్ల కిందట సికింద్రాబాద్ మిలిటరీ ట్రైనింగ్ సెంటరులో కుర్రాళ్లకు పని నేర్పడానికి మంచి మెకానిక్ కావాలని ఆయన్ను ఎవరో అడిగారట. ఆయనకు మొదట గుర్తొచ్చింది గంగాధరే. నాలుగు రోజులు ఫోన్ చేశాడట. నంబరు బంద్. చివరికి ఆ పోస్టింగుకు ఇంకొకరి పేరు చెప్పాడట.

లావణ్యకు హిందీ రాదు. ఏమంటుండు, అని నన్ను అడిగింది. నేను చెప్పను, మీ ఆయన్నే అడుగు అన్నాను. అతను తల వంచుకుని చెప్పాడు.

రెండు పేర్లూ ఆ సాయంత్రమే పంపాను. వారం తిరక్కుండా సిరిసిల్ల నుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రింటు తీసుకోవడానికి లావణ్య ఒక్కతే వచ్చింది. నా పంతం నెగ్గిందన్న హుషారులో నేనేవో రెండు మాటలు చెప్పబోయాను. ఆమె కాగితాన్ని జాగ్రత్తగా మడుస్తూ అంది:

"ఉద్యోగం అచ్చింది, సంతోషమే అక్కా. గా రెండేండ్లల్లనే మా బిడ్డ పెద్దమనిషయింది. ఆయన సికింద్రాబాద్‌ల ఉంటె పొద్దుగాల బస్సెక్కి అస్తుండె. ఫంక్షన్ ఫోన్లనే చూసిండు."



అప్పటినుంచి సెలవు మీద వచ్చిన జవాను ఏ కాగితం కోసం నా దగ్గరికి వచ్చినా, ముందు పాత యూనిట్ వాళ్లకు ఒక్క ఫోన్ చేయిస్తాను. సర్వీసు ఇంకా పదేళ్లు ఉందక్కా, ఇప్పుడెందుకు అంటారు. ఇప్పుడే చెయ్యాలి అంటాను. ఈమెకు పిచ్చి అని కోరుట్లలో పేరు పడింది. పడనీ.