పెళ్లి ఒంటెకు కట్టే అయిదు మూలల రగ్గు

ఇలాంటి రగ్గు ఇంకెవరింట్లోనైనా ఉంటే, తెలియక దాని మీద కత్తెర వేయకూడదని ఇది రాసి పెడుతున్నాను.

2009లో నేను అమెరికాలోని నేపర్‌విల్‌లో పాత రగ్గులు కడిగి బాగుచేసే షాపులో కౌంటర్ దగ్గర పనిచేసేదాన్ని. రగ్గుల గురించి నాకు తెలిసిందంతా పబ్లిక్ లైబ్రరీలో చదువుకున్నదే. ఆ సంగతి చెప్పుకోవడం నాకిష్టం.

ఒక శనివారం సుజాత గారు, కొత్తగా పెళ్లయిన వాళ్లమ్మాయి శ్రావ్య వచ్చారు. శ్రావ్య అత్తగారు ఎవరింట్లోనో పాత సామాను అమ్మేస్తున్న ఎస్టేట్ సేల్‌లో కొని, పెళ్లికి కానుకగా ఇచ్చిన చిన్న ఉన్ని రగ్గు తెచ్చారు. మంజిష్ఠ వేరుతో అద్దిన ఎరుపు. ఏళ్ల తరబడి చేతులు తగిలి ఉన్ని పట్టులా మెరుస్తోంది. కానీ దానికి అయిదు మూలలు. పైభాగం ఇంటి కప్పులా రెండు వైపులకూ వాలి ఉంది.

"పెళ్లికూతురికి కత్తిరించిన ముక్క ఇస్తారాండీ ఎవరైనా? ఆ పైది కట్ చేసి స్ట్రెయిట్ చేసేయండి. రేపు వియ్యాలవారు భోజనానికొస్తున్నారు, వాళ్లు చూసేలా పరవాలి" అన్నారు సుజాత గారు. అత్తగారు తనను తక్కువ చేశారని శ్రావ్య కూడా నమ్మినట్టుంది. తల ఎత్తలేదు.

నేను కత్తెర తీయలేదు. బోర్డర్, అంటే చుట్టూ ఉండే అంచు డిజైన్, వెంట వేలు నడపమని శ్రావ్యకు చెప్పాను. వేలు పక్కనుంచి పైకెక్కి, వాలు మీదుగా కొస దాటి, అవతలికి దిగింది. పువ్వుల వరుస ఎక్కడా తెగలేదు.

"కట్ చేయలేదు మమ్మీ. ఇలాగే మేడ్ ఇది."

మధ్య ఆసియాలోని తుర్క్‌మెన్ తెగల ఆడవాళ్లు పెళ్లికూతురు ఎక్కే ఒంటెకు అటూ ఇటూ కట్టడానికి ఇలా నేస్తారని, దీన్ని అస్మాలిక్ అంటారని, జంటగా చేస్తారని చదివింది చదివినట్టు చెప్పాను. జంట మాట చెప్పకుండా ఉండాల్సింది.

"అయితే రెండోది వాళ్లే ఉంచేసుకున్నారా?" అన్నారు సుజాత గారు.

శ్రావ్య అక్కడే అత్తగారికి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, రెండోది ఎక్కడుందని అడిగింది. ఆవిడ కాసేపు నవ్వారు.

"మా హాల్లో ఉందమ్మా. ఒకటి నీ ఇంట్లో, ఒకటి నా ఇంట్లో ఉంటే బాగుంటుందనిపించింది. చెప్తే మరీ ఓవర్‌గా ఉంటుందేమోనని ఊరుకున్నా."

సుజాత గారు రగ్గును తనే జాగ్రత్తగా చుట్టి, గోడకు తగిలించడానికి ఏం కావాలో అడిగారు.

జంటగా నేస్తారని నాకు పుస్తకం చెప్పింది. ఆ జంటను విడదీసి ఇవ్వడంలో ఎంత ప్రేమ ఉంటుందో ఆ ఫోన్ చెప్పింది. అప్పటినుంచి ఏ రగ్గు వచ్చినా, ఎవరిచ్చారో కూడా అడిగి తెలుసుకుంటున్నాను.

అడిగిన పుస్తకమల్లా తెప్పించి పెట్టిన లైబ్రేరియన్ లిండా గారికి, కౌంటర్ నాకు వదిలి ధైర్యమిచ్చిన షాపు యజమాని కరీం గారికి, ఇది రాయడానికి ఒప్పుకున్న సుజాత గారికి, శ్రావ్యకు, వాళ్లత్తగారు విజయ గారికి నా కృతజ్ఞతలు.