పదో మనిషి కోసం

ఆర్వల్ షాంట్స్ ఏ గుమ్మమూ ఒంటరిగా దాటి ఎరుగడు. బయటికి అడుగు పెట్టాలంటే తనతో కలిపి పదిమంది ఉండాలి. ప్రార్థన ముగిసినా, విందు ముగిసినా, అగ్నిమాపక దళం వచ్చి భవనం ఖాళీ చేయమన్నా, ఆయన తలుపు దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టేవాడు.

కారణం అడిగితే కిటికీలోంచి మంచును చూపేవాడు. “కొత్త మంచు మీద ఒక్కడి అడుగులు పడితే అది వాడి సంతకం. పదిమందివి పడితే వట్టి దారి.”

కిచెనర్ అనే ఊళ్ళో ఒక బేకరీ పైగదిలో మేము కొందరం రాసిన తపాలా సాఫ్ట్‌వేర్‌కు ప్రాణం ఈ మాటే. ఎవరి ఉత్తరమైనా మా కంప్యూటర్‌కు చేరి, మరో తొమ్మిది వచ్చేదాకా ఆగుతుంది. పదీ కలగలిసి ఒక్కసారిగా బయలుదేరుతాయి; ఏది ఎవరిదో కాపు కాసినవాడికి అంతుపట్టదు. ఆ పది అనే అంకె ఆర్వల్‌దే. ఆ సాఫ్ట్‌వేర్‌కు వాడుక వివరాలు రాయడం నా పని. ‘దయచేసి వేచి ఉండండి’ అని నేను రాసినన్నిసార్లు మరెవరూ రాసి ఉండరు.

జనవరిలో ఒక మంగళవారం పేరూ ఊరూ లేని ఉత్తరం వచ్చింది. రాసినావిడకు భర్త నుంచి తప్పించుకోవాలని ఉంది. ఆశ్రయమిచ్చే ఇంటివారికి కబురు పంపాలి. భర్త మంగళవారాల్లో ఉదయం పదింటికి బయటికి వెళ్తే తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు. ఆలోగా కబురు అందాలి. అయితే ఆ జిల్లా అంతటికీ ఇంటర్నెట్ ఇచ్చే సంస్థలో అతనే ఉద్యోగి. ఇంట్లోంచి ఉత్తరం వెళ్ళడం అతనికి వింత కాదు. అదే క్షణాన ఆశ్రయానికి ఒకటి చేరడం కంటపడితే ఆవిడ పని అయిపోయినట్లే. వచ్చే మంగళవారం పంపుతానని రాసింది.

ఆ వేళప్పుడు పది ఉత్తరాలు పోగవడానికి మాకు నలభై నిమిషాలు పట్టేది.

“ఆగడం తీసేద్దాం,” అన్నది మిరేలా. మాలో పని ముందుకు నడిపించేది ఆవిడే.

“తీసేస్తే చేరుతుంది. ఎవరిదో కూడా తెలిసిపోతుంది.”

“చేరని ఉత్తరాన్ని ఎంత దాచి ఏం లాభం, ఆర్వల్?”

“అదీ నిజమే,” అని ఆయన కోటు వేసుకుని లేచాడు. గదిలో ముగ్గురమే ఉండడంతో మళ్ళీ కూర్చున్నాడు.

మర్నాటి నుంచి ఆయన పత్తా లేడు. ఫిర్యాదులు మాత్రం వచ్చాయి. లవీనా ఎర్బ్ అనే ముసలమ్మ ఫోన్ చేసి, మీ ఆర్వల్ కాఫీకని వచ్చి మూడు గంటలుగా కదలడం లేదని, పదిమంది ఉంటే గాని వెళ్ళడట కనుక ఆయనను సాగనంపడానికి ఇరుగుపొరుగును పోగుచేస్తున్నానని చెప్పింది. తరువాత మంగలి చేశాడు, ఆపైన గ్రంథాలయం వారు చేశారు. ఊరు ఊరంతా ఆయనను ఇల్లు కదిలించే పనిలో పడినట్లు మాకు కలగా తోచింది.

మంగళవారం వచ్చింది. బయట మంచు దూదిలా, చప్పుడు లేకుండా రాలుతోంది. ఆర్వల్ ఒక మూల కూర్చుని రొట్టె తింటున్నాడు. పదీ అయిదుకల్లా పది పోగుకాకపోతే తాను అడ్డు తీసేస్తానని మిరేలా మీటపై వేలు పెట్టి కూర్చుంది.

పదయింది. మొదటి పది అరనిమిషంలో నిండి వెళ్ళిపోయాయి. వెంటనే మరో పది, ఆ వెనకే ఇంకో పది. తెర మీద అంకెలు మంచురేకుల్లా రాలుతూనే ఉన్నాయి.

మిరేలా వేలు తీసేసింది. “ఇంతమంది ఎక్కడి నుంచి వచ్చారు?”

“లవీనా వంటింట్లోంచి,” అన్నాడు ఆర్వల్. “మంగలి కొట్లోంచి కూడా.”

ఆయనను సాగనంపడానికి వచ్చిన ప్రతి పొరుగువాడి ఇంటా చిన్న కంప్యూటర్ పెట్టె ఒకటి తగిలించి వచ్చాడట. అరవైమూడు ఇళ్ళు. అవి పదింటి నుంచి పగలంతా మా కంప్యూటర్ ద్వారా ఒకదానికొకటీ, ఆవిడ చెప్పినలాంటి ఆశ్రయాలకూ ఖాళీ ఉత్తరాలు రాస్తూ ఉంటాయి. పైకి అన్నీ ఒకటే తీరు.

“లోపల ఏమీ లేదా?”

“తోడు వెళ్ళడానికి లోపల ఏముండాలి?”

రెండు వారాలకు ఇంకో ఉత్తరం వచ్చింది, ఇదీ పేరు లేనిదే. ‘క్షేమంగా ఉన్నాను. నాతో ఎవరు నడిచారో తెలియదు.’ అంతే ఉంది. మిరేలా దాన్ని రెండుసార్లు చదివి, కోటు వేసుకున్నది. వెళ్ళిపోతుందనుకున్నాను. మెట్ల మీదికి వంగి, బేకరీలో ఎంతమంది ఉన్నారని కేక వేసింది. ఆరుగురట. అందరినీ గుమ్మం దగ్గరికి రమ్మన్నది.

లెక్క తొమ్మిది దగ్గర ఆగింది. ఆర్వల్ మొహం దిగులుగా పెట్టాడు. బేకరీ కుక్క తోక ఊపుతూ వచ్చి కాళ్ళ మధ్య నిలబడింది.

“దీన్ని లెక్కలోకి తీసుకోవచ్చా?” అన్నది మిరేలా.

ఆర్వల్ వంగి గంభీరంగా దాని కాళ్ళు లెక్కపెట్టాడు.

“నాలుగు పాదాలు గదా, ఇద్దరి కింద లెక్క. ఒకరు ఎక్కువే అయ్యాం, పదండి,” అన్నాడు.