రామయ్యగారి కోటుకి ఒక టాకా

తిరువూరు బస్టాండు పక్క సందులో టైలరు హుమాయున్ షాపు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఆయన మెజీషియన్ల కోట్లు కుడతాడన్న సంగతి మాత్రం ఆ సందులోనే సగం మందికి తెలియదు. తెలియనిస్తేగా! నలభై ఏళ్లుగా ఖమ్మం నుంచీ, బెజవాడ నుంచీ, ఏలూరు నుంచీ ఇంద్రజాలికులు గుట్టుగా వచ్చి, గుట్టుగా కోటు కుట్టించుకుని పోతుంటారు. పావురం ఏ జేబులో సర్దుకుంటుందో, పేకముక్క ఏ మడతలోంచి జారుతుందో ఆయన సూదికి తెలుసు. భార్య దౌలత్‌బీకి తెలియదు. "ఇన్నేళ్లు కాపరం చేశాను, ఒక్క జేబు సంగతైనా నాకు చెప్పారా మీరు?" అని ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

ఆయన పద్ధతే వేరు. కోటు కోసం ఎవరొచ్చినా ఒంటి కొలతలు తర్వాత, ముందు చేతులు చాపమంటాడు. వేళ్లు కొలుస్తాడు. తర్వాత ఆ కోటుతో చెయ్యబోయే గారడీ ఐటెం ఒక్కసారి చెయ్యమని, తాను గోడవైపు తిరిగి నిలబడతాడు. బట్ట చప్పుడు వింటే చాలట, జేబు ఎంత లోతుండాలో తెలిసిపోతుందట! కోతలనుకునేరు, ఆయన కుట్టిన జేబు స్టేజీ మీద ఒక్కసారి కూడా మొరాయించలేదు.

అలాంటి మనిషిని పోయిన ఆదివారం తిరువూరు ఫంక్షన్ హాల్లో ఇంద్రజాలికుల సమ్మేళనం పెట్టి, ఉపన్యాసం ఇమ్మన్నారు. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఉపన్యాసాలు, నాలుగింటి నుంచి ప్రదర్శనలు. మాట్లాడటమంటే హుమాయున్‌కి చలిజ్వరం. అయినా ఒప్పుకున్నాడంటే కారణం కీర్తన. ప్రదర్శనల్లో మొదటి ఐటెం ఆ పిల్లదే, అది దగ్గరుండి చూడాలని ఆయన ఆశ.

కీర్తన వినగడప దశరథరామయ్యగారి మనవరాలు. ఆ రామయ్యగారు పత్తి రైతు, అంతకు మించి గారడీ పిచ్చోడు. ఖాళీ చేతిలోంచి మూడు పత్తికాయలు తీసేవాడు. వాటిని పిసికి, ఊది, అందులోంచి బారెడు బారెడు తెల్లటి పంచె లాగుతూ పోయేవాడు. చూసినవాళ్లు నోరు వెళ్లబెట్టాల్సిందే. ఆ పంచె ఎక్కడినుంచి వస్తుందో ఇద్దరికే తెలుసు, ఆయనకీ, హుమాయున్‌కీ. నిరుడు రామయ్యగారు పోయారు. ఆ నల్లకోటు పట్టుకుని పంతొమ్మిదేళ్ల కీర్తన షాపుకొచ్చి, "తాతయ్యా, దీన్ని నా సైజుకి చేసిపెట్టు" అంది. వాళ్ల నాన్న గిరిబాబుకి ఇష్టం లేదు. "ఒక్కసారి చేసి చూపించు. నవ్వులపాలైతే మాత్రం ఆ కోటు మళ్లీ ముట్టుకోకూడదు" అన్నాడు. హుమాయున్ విని ఊరుకోలేదు, నెలరోజులు ఆ కోటుతోనే కూర్చున్నాడు.

సమ్మేళనంలో పొద్దున ఏబెల్ అనే ఆయన తాడు గారడీల మీద గంటన్నర మాట్లాడాడు. ఇంకొకాయన మాటలతో జనం చూపు ఎలా మళ్లించాలో చెప్పాడు. భోజనాలయ్యాక హుమాయున్‌ని పిలిచారు. మెడలో టేపు తియ్యడం కూడా మరిచిపోయి మైకు ముందు నిలబడ్డాడు పాపం.

"మీ జేబులు ఎక్కడున్నాయో నేను చెప్పనండి," అని మొదలుపెట్టాడు. "ఎక్కడ ఉండకూడదో చెబుతాను."

హాలంతా ఘొల్లున నవ్వింది. అంతే, మనిషికి ధైర్యం వచ్చేసింది. ఏ బట్ట చప్పుడు చేస్తుందో, ఏది చెయ్యదో, లైటు పడితే ఏ నలుపు ఎర్రగా కనబడుతుందో వరుసగా చెప్పుకుపోయాడు. పేరు మోసిన మెజీషియన్లు బళ్లో పిల్లల్లా పుస్తకాల్లో రాసుకున్నారు! న్యాయనిర్ణేతగా వచ్చిన బెజవాడ రాయప్పగారు, డెబ్బై దాటిన మనిషి, ఆయన కూడా కళ్లజోడు సర్దుకుని రాసుకున్నారు.

చివర్లో ఎవరో లేచి, "జేబులో సరుకు పెట్టాక, దార్లో బండి మీద కుదుపులకి జారిపోకుండా ఏం చేస్తారు?" అని అడిగారు.

"ఏముందండీ, సరుకు నేనే సర్ది, జేబు మూతికి అడ్డంగా ఒక టాకా వేస్తాను. రెండు పోగుల కచ్చాకుట్టు, అంతే. స్టేజీ ఎక్కే ముందు వాళ్లు తెంపుకుంటారు."

అన్నాడో లేదో, తన మాటే తనకి తగిలింది.

టాకా! నిన్న సాయంత్రం ఆ పంచె మడతపెట్టి కోటులో సర్దింది తనే. అలవాటుగా టాకా వేసిందీ తనే. ముప్ఫై ఏళ్ల పాటు రామయ్యగారు తెరచాటున ఆ దారాన్ని పళ్లతో కొరికి తెంపుకునేవారు. ఆయనకి ఎన్నడూ గుర్తుచెయ్యాల్సిన పని పడలేదు. అందుకే కీర్తనకి చెప్పాలన్న ఆలోచనే రాలేదు! నల్లకోటు మీద నల్లదారం, ఆ పిల్ల కంటికి ఆనే అవకాశమే లేదు. ఇప్పుడు స్టేజీ మీద లాగితే పంచె రాదు. రెండొందల మంది మెజీషియన్ల ముందు, వాళ్ల నాన్న ముందు, చెయ్యి కోటులో ఇరుక్కుపోయి నిలబడుతుంది.

తెరవెనక్కి పరిగెడదామంటే వదిలితేనా? మన సన్మానాల సంగతి తెలిసిందే కదా! దండ వేశారు. తెల్ల శాలువా కప్పారు. మెమెంటో ఇచ్చి, "ఇటు చూడండి, ఇటు చూడండి" అని ఫొటోలు. ఒకాయన ఫొటోలో పడలేదని అందర్నీ మళ్లీ నిలబెట్టి ఇంకో ఫొటో. హుమాయున్‌కి చెమటలు కారిపోతున్నాయి. అది సంతోషమనుకుని వాళ్లు ఇంకో నాలుగు ముక్కలు పొగిడారు. మెట్లు దిగేసరికి వెనక సంగీతం మోగనే మోగింది. కీర్తన స్టేజీ మధ్యకి వచ్చి దణ్ణం పెట్టింది. ఆ కోటులో అచ్చం రామయ్యగారి నిలువే.

మొదటి పత్తికాయ వచ్చింది. చప్పట్లు. రెండోది వచ్చింది.

హుమాయున్ చొక్కా జేబు తడుముకున్నాడు. కుట్లు విప్పడానికి కాగితంలో చుట్టుకున్న సగం బ్లేడు, నలభై ఏళ్ల అలవాటు, ఉండాల్సిన చోటే ఉంది. దిగిన మెట్లే మళ్లీ ఎక్కాడు.

"ఒక్క నిమిషం క్షమించాలండీ," అన్నాడు మైకు దగ్గరికొచ్చి. "ఈ శాలువా నాది కాదు. ఈ కోటు తొడుక్కున్నాయనది. ఆయన లేడు కాబట్టి ఈ పిల్లకి కప్పుతాను."

మీద ఉన్న శాలువా తీసి, రెండు చేతులతో విప్పి కీర్తన భుజాల చుట్టూ కప్పాడు. పెద్దవాళ్లు చేసినట్టే అటూ ఇటూ సర్దాడు, అంచు దులిపాడు, తల మీద చెయ్యి పెట్టాడు. హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ముందు వరసలో గిరిబాబు జేబురుమాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. బ్లేడు ఎప్పుడు బయటికొచ్చిందో, టాకా ఎక్కడ తెగిందో, బ్లేడు మళ్లీ ఏ జేబులోకి పోయిందో రెండొందల మందిలో ఎవరికీ తెలియదు. చూపు మళ్లించడమే బతుకుతెరువైనవాళ్లు వాళ్లంతా! నలభై ఏళ్లు గోడవైపు తిరిగి నిలబడ్డ మనిషి ఇంత పని చేశాడంటే చెయ్యెత్తి మొక్కాలి.

కీర్తన శాలువా తీసి బల్ల మీద పెట్టింది. మూడో పత్తికాయ తీసింది. పిసికింది, ఊదింది, లాగింది. పంచె వచ్చింది. వస్తూనే ఉంది, స్టేజీ అంచు దాటి, మెట్లు దిగి, గిరిబాబు కాళ్ల దాకా వచ్చింది. ఆయన వంగి ఆ కొస చేతిలోకి తీసుకున్నాడు, చాలాసేపు వదల్లేదు.

మొదటి బహుమతి ఆ పిల్లకే వచ్చింది. అందరూ టీలకి లేచాక రాయప్పగారు శాలువా మడిచి తెచ్చి హుమాయున్ చేతిలో పెట్టారు. తెల్లటి మడత మీద జానెడు నల్లదారం ఉంది.

"ఇవాళ్టి మంచి ఐటెం ఎవరిదో నాకు తెలుసయ్యా," అన్నారాయన మెల్లగా.

"ఏ ఐటెం సార్?" అన్నాడు హుమాయున్, ఏమీ ఎరగనట్టు. రాయప్పగారు పకపకా నవ్వి, ఆయన భుజం తట్టి వెళ్లిపోయారు.

ఆ వెనకే కీర్తన వచ్చింది. ఆ దారం చూసింది. ముఖం చిన్నబోయింది.

"తాతయ్యా, నువ్వు స్టేజీ ఎక్కింది దీనికోసమేనా?"

"దీనికోసమేనమ్మా. తప్పు నాది, చెప్పడం మరిచిపోయాను. ఇకనుంచి ఎక్కే ముందు నువ్వే తెంపుకోవాలి. మీ తాత పళ్లతో కొరికేవాడు."

"మరి ఆ మాటలన్నీ ఉత్తవేనా?"

హుమాయున్ దారాన్ని వేలికి చుట్టుకుని, శాలువా మళ్లీ విప్పి ఆ పిల్ల భుజాల మీద వేశాడు. ఈసారి అటూ ఇటూ సర్దలేదు.

"చూసుకో. ఇప్పుడు నా చేతిలో బ్లేడు లేదు," అన్నాడు.